ఎనిమిదో డాక్టర్ సినిమాకి మళ్లీ మార్కులు వేయాలంటే

డాక్టర్ హూ బ్రిటన్ బీబీసీ సైన్స్ ఫిక్షన్ సిరీస్. దాని హీరో డాక్టర్ వేరే గ్రహం నుంచి వచ్చిన కాలయాత్రికుడు, చావు దగ్గరికొచ్చినప్పుడల్లా కొత్త శరీరంతో, అంటే కొత్త నటుడితో, మళ్లీ పుడతాడు. ఆ సిరీస్ 1996 టీవీ సినిమా మీద అభిమానుల్లో రెండు పాత తీర్పులు తిరుగుతుంటాయి. ఒకటి, ఎనిమిదో డాక్టర్‌గా పాల్ మెక్‌గాన్ బాగున్నాడు, మిగతాదంతా దండగ. రెండు, డాక్టర్ సగం మనిషి అన్నారు కాబట్టి ఇది లెక్కలోకే రాదు. సినిమా చూసి పాతికేళ్లు దాటినవాళ్లూ, ముక్కలు మాత్రమే చూసినవాళ్లూ వీటిని ఎక్కువగా వల్లిస్తుంటారు. నిజంగా మళ్లీ విలువ కట్టాలనుకుంటే మూడు పూటలు కేటాయించుకోవాలి. ఒకేసారి చూసేసి తేల్చేద్దామంటే పాత అభిప్రాయమే మళ్లీ నోట్లోంచి వస్తుంది.

ముందు ఏ ప్రింటు చూస్తున్నారో చూసుకోండి. సగం తగాదాలు అక్కడే పుడతాయి. 1996లో బీబీసీ వన్ ప్రసారం చేసిన ప్రతీ, అప్పట్లో బ్రిటన్‌లో అమ్మిన వీహెచ్‌ఎస్ టేపూ కోతపడినవి. ఆ ఏడాది మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో కాల్పులు జరిగాయి, దాంతో చైనాటౌన్ కాల్పుల సన్నివేశాన్ని కుదించారు. 2001 డీవీడీలో ఆ కోతలు లేవు. ఇక నిడివి ఒకచోట 89 నిమిషాలనీ, ఇంకోచోట 85 అనీ కనిపిస్తే నాలుగు నిమిషాలు ఎవరో మింగేశారని కంగారు పడకండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీసిన ఫిల్మును బ్రిటన్ వీడియో పద్ధతిలో 25 ఫ్రేములతో నడిపిస్తే 89 నిమిషాలది ఎనభై అయిదున్నరకి దిగుతుంది. దానితోపాటు గొంతులకీ సంగీతానికీ శ్రుతి పిసరంత పెరుగుతుంది. జాన్ డెబ్నీ బృందం చేసిన సంగీతం మీద మాట్లాడేముందు మీరు విన్నది ఏ వేగమో తెలుసుకోవడం మంచిది.

2016 బ్లూరే ఉంటే వాడండి, కానీ అద్భుతాలు ఆశించకండి. తీసింది 35 ఎంఎం మీదే. ఎడిటింగ్, గ్రాఫిక్స్ మాత్రం ఆనాటి మామూలు వీడియో మీద పూర్తిచేశారు. బ్లూరేలో ఉన్నది ఆ వీడియోని సాగదీసిన బొమ్మే. పెద్ద టీవీకి ముక్కు ఆనించి కూర్చుని మసకగా తీశారంటే ఆ తప్పు కెమెరా వాళ్లది కాదు. టీవీ సెట్టింగుల్లో షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి, బొమ్మ కొలత 4:3లో ఉంచండి. 16:9కి లాగితే మొహాలు బూరెల్లా తయారవుతాయి.

మొదటి పూట సినిమా జోలికి పోవద్దు. 1989 డిసెంబర్ 6న ముగిసిన ఆఖరి పాత కథ సర్వైవల్ చూడండి. మూడు భాగాలు, గంటం పావు. దీనివల్ల రెండు లాభాలు. సిల్వెస్టర్ మెక్‌కాయ్ ఏడో డాక్టర్‌గా ఎలా నడిచేవాడో, ఎలా మాట్లాడేవాడో చెవిలో ఉంటుంది. ఆ కథలో డాక్టర్ పాత శత్రువు మాస్టర్‌కి పిల్లి కళ్లు వస్తాయి. టీవీ సినిమా మొదట్లో మాస్టర్ కళ్లు తెరనిండా కనిపించినప్పుడు అవి ఎక్కడివో మీకు తెలిసి ఉంటుంది. కొత్త ప్రేక్షకుడికి తెలియదు. ఆ తేడాని కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండో పూట సినిమాని ఆపకుండా చూడండి. కాగితాన్ని మూడు నిలువు గడులు చేసి మొదటిదానికి పైలట్ (సీరియల్ కొనాలా వద్దా అని తేల్చే తొలి కథగా ఎలా ఉంది) అనీ, రెండోదానికి సినిమా అనీ, మూడోదానికి వంశవృక్షం (పాత సిరీస్ కథలతో పొసుగుతుందా) అనీ పేరు పెట్టండి. ప్రతి ఫిర్యాదూ ఏ గడిలోకి వెళ్తుందో ముందే తేల్చడమే ఈ పద్ధతిలో అసలు కీలకం. ఉదాహరణకి సగం మనిషి అన్న మాట మూడో గడిది. దాన్ని తెచ్చి రెండో గడిలో మార్కులు కొయ్యకూడదు. డాక్టర్ శత్రువులైన డాలెక్కుల గ్రహం స్కారోని 1988 కథలో పేల్చేశారు కదా, ఇక్కడ మాస్టర్‌ని అక్కడే ఎలా విచారించారన్నదీ మూడో గడిదే. ఐ ఆఫ్ హార్మనీ అనే శక్తి మూలం డాక్టర్ సొంత గ్రహం గాలిఫ్రేలో ఉండాల్సింది, అతని కాలయాత్ర వాహనం టార్డిస్‌లో ఎందుకుందన్నదీ అంతే. ఈ మూడింటినీ పక్కన పెట్టేసరికి చాలామంది కాగితం సగం ఖాళీ అయిపోతుంది.

పైలట్ గడి మాత్రం నిండిపోతుంది, నిండాలి కూడా. నిర్మాత ఫిలిప్ సీగల్‌కి ఇది అమెరికా ఛానల్ ఫాక్స్‌లో సీరియల్‌గా నిలబడాలి. అలాంటి కథలో మొదటి మాటలే మాస్టర్, స్కారో, డాలెక్కులు, పదమూడు జన్మల లెక్క. డాక్టర్ ఎవరో తెలియని అమెరికన్ ఇంట్లో ఇది ఎలా ఆడుతుందో ఊహించుకోండి. పైగా దాదాపు తొలి 20 నిమిషాలు హీరో మెక్‌కాయ్. ప్రేక్షకుడు ఈ చిన్నపాటి పెద్దాయనకి అలవాటు పడేలోపు అతన్ని తుపాకీతో కాల్చి, ఆపరేషన్ బల్ల మీద చంపి, ఇంకొకణ్ణి తెస్తారు. పాత అభిమానికి ఇది గౌరవం, కొత్తవాడికి అడ్డుగోడ. మా లెక్కలో సినిమాకి అసలు దెబ్బ ఇదే. సగం మనిషి మాట ఊరికే నిందలు మోసింది.

అంకెలు వేసేటప్పుడు కూడా దేశాలు కలపకండి. మే 14న ఫాక్స్‌లో ఆశించినంత మంది చూడలేదు. అవతలి ఛానల్లో అప్పటి హిట్ కామెడీ సీరియల్ రోజాన్. మే 27న బ్రిటన్‌లో 90 లక్షలు దాటారు. ఫ్లాప్ అన్న మాట అమెరికాకి సంబంధించింది, కానీ సీరియల్ కొనాల్సిందీ అక్కడివాళ్లే.

మూడో పూట రిమోట్ చేతిలో పట్టుకుని రెండో గడి నింపాలి. అన్ని సన్నివేశాలూ అక్కర్లేదు, రెండు చాలు.

మొదటిది మార్చురీ. దర్శకుడు జెఫ్రీ సాక్స్ ఇక్కడ ఏం చేశాడో చూడాలంటే ధ్వని పూర్తిగా తీసేసి ఒకసారి, ధ్వనితో ఒకసారి చూడండి. మార్చురీ కుర్రాడు 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ టీవీలో చూస్తుంటాడు. ఆ శవం కదలడం, ఈ శవం మొహం మెలితిరగడం ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా సాక్స్ కట్ చేస్తూ పోతాడు. ఆ తర్వాత లోపలినుంచి స్టీలు తలుపు మీద దెబ్బలు, తెల్లటి గుడ్డ చుట్టుకుని బయటికొచ్చిన మనిషి, కింద పడిపోయిన కుర్రాడు. డైలాగు లేకుండానే కథ నడుస్తుంది. వెంటనే పాడుబడిన ఆసుపత్రి విభాగం, పగిలిన అద్దాలు, మోకాళ్ల మీద పడి తనెవరని అరిచే మెక్‌గాన్. అరుపు కాస్త అతి. అయినా ఇంత శ్రద్ధగా తీసిన పునర్జన్మ పాత సిరీస్‌లో వెతికినా దొరకదు.

రెండోది పార్కులో నడక. ఆపరేషన్ చేసిన గుండె డాక్టర్ గ్రేస్ ఇచ్చిన బూట్లు వేసుకుని, నాన్న పక్కన గడ్డిలో పడుకుని గాలిఫ్రే ఆకాశంలో ఉల్కలు చూసిన రాత్రి గురించి చెబుతూ చెబుతూ డాక్టర్ టక్కున ఆగిపోతాడు. జ్ఞాపకం వచ్చిందేమో అనుకుంటాం. బూట్లు సరిగ్గా సరిపోయాయని సంబరపడతాడు! ఆ మలుపు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మెక్‌గాన్ ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో గమనించండి. పాత్ర మొత్తం ఆ నాలుగు సెకన్లలో ఉంది. డాక్టర్ గ్రేస్‌ని ముద్దుపెట్టుకునే సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 1996లో దానిమీద చేసిన రభస, 2005 తర్వాత సిరీస్ చూసినవాళ్లకి వింతగా అనిపిస్తుంది.

రిచర్డ్ హుడోలిన్ వేసిన టార్డిస్ గదికి పూర్తి మార్కులు వేయొచ్చు. చివరి పావుగంటకి మాత్రం జాలి చూపకండి. అర్ధరాత్రి, అటామిక్ గడియారం, వెనక్కి తిరిగిన కాలం, చచ్చిన ఇద్దరూ లేచి కూర్చోవడం. ఏది దేనివల్ల జరిగిందో మూడుసార్లు చూసినా సరిగ్గా అందదు. ఇది వంశవృక్షం గొడవ కాదు, స్క్రీన్‌ప్లే తప్పు. రెండో గడిలోనే రాయాలి. 

ఇదంతా అయ్యాకే 2013 నవంబర్ 14న వచ్చిన ఏడు నిమిషాల ద నైట్ ఆఫ్ ద డాక్టర్ చూడండి, మెక్‌గాన్ మళ్లీ డాక్టర్‌గా కనిపించే చిన్న కథ అది. 2001లో స్టార్మ్ వార్నింగ్‌తో మొదలైన, బిగ్ ఫినిష్ సంస్థ మెక్‌గాన్‌తో చేసిన ఆడియో నాటకాలు ఆ తర్వాత. ఈ వరస తిరగేస్తే ఒక ఇబ్బంది ఉంది. ఆడియోలో ఏళ్ల తరబడి పెరిగిన డాక్టర్‌ని తెలియకుండానే సినిమాలోకి అరువు తెచ్చుకుని మెచ్చుకుంటాం. నాటకాలు ముందే విన్నవాళ్లు మెక్‌గాన్‌కి వేసిన మార్కు పక్కన చుక్క పెట్టి, సినిమాలో అతనికి దక్కింది గంట పైన కొద్ది నిమిషాలేనని గుర్తుపెట్టుకుని ఇంకోసారి లెక్క చూసుకోవాలి.