ఆరంభశూరత్వం లేకుండా మొదలుపెట్టడం ఎలా?

రేపట్నుంచి ఐదింటికే లేస్తా, గంటసేపు వ్యాయామం చేస్తా, రోజుకు యాభై పేజీలు చదువుతా, స్వీట్లు మానేస్తా, ఫోన్ ముట్టుకోను అని ఒకేసారి ఐదు ఒట్లు పెట్టుకున్నవాళ్లు నాలుగో రోజుకు ఎక్కడుంటారో మీకూ తెలుసు. అందులో మనిషి బద్ధకం కన్నా ఆ జాబితా పొడవుదే ఎక్కువ తప్పు. అందుకే ఒక్క పని ఎంచుకుని దాన్ని నిలబెట్టుకోవడం ఎలాగో మాత్రమే ఇక్కడ చెబుతున్నా.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి. ఊరికే గమనించండి. రోజుకు మూడు నాలుగుసార్లు, గత కొన్ని గంటల్లో ఏం చేశారో, ఒంట్లో ఓపిక ఎలా ఉందో రెండు ముక్కలు రాసుకోండి, ఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఎంతో కూడా చూసుకోండి (చూసి దడుసుకోవద్దు, అందరిదీ దాదాపు అంతే). వారం తిరిగేసరికి "టైమ్ లేదు" అన్నమాట వెనక ఏముందో తెలుస్తుంది. చాలాసార్లు టైమ్ ఉంటుంది గానీ అది రాత్రి పదిన్నరకి, ఒళ్లు పులిసిపోయాక దొరికే టైమ్. ఆ గంటలో కొత్త భాష నేర్చుకుంటానంటే అయ్యే పని కాదు. ఇంకోటి, పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. మీ నోట్సులో ఐదు గంటలే కనిపిస్తుంటే మిగతావన్నీ పక్కనపెట్టి మొదట దాన్నే సరిచేసుకోండి. నిద్ర కోసేసి తెల్లారుజామున లేవడాన్ని క్రమశిక్షణ అనడం నాకు మొదట్నుంచీ నచ్చదు.

ఇప్పుడు ఒకటి ఎంచుకోండి. "ధైర్యంగా మాట్లాడాలి", "ఫిట్‌గా ఉండాలి" అనేవి కోరికలు, వాటిని రేపు ఉదయం లేచి చేయలేరు. మీటింగ్‌లో మొదటి పది నిమిషాల్లోపు ఒక్క ప్రశ్న అడగడం, చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి రావడం, ఇవైతే చేయగలరు. చేశారో లేదో రాత్రికి ఔను, కాదు అని ఒక్క మాటలో చెప్పగలిగేదే ఎంచుకోండి.

తర్వాత దానికి ఒక చోటు, ఒక సమయం కట్టబెట్టాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. "ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తా" అని ముందే అనుకున్నవాళ్లు, ఉత్త సంకల్పంతో ఆగిపోయినవాళ్ల కన్నా ఎక్కువగా పని పూర్తి చేస్తారని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎప్పట్నుంచో చెబుతున్నాడు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా అదే తేలింది. కాబట్టి "రోజూ చదువుతా" అని వదిలేయకుండా "రాత్రి పళ్లు తోముకోగానే కుర్చీలో కూర్చుని రెండు పేజీలు చదువుతా" అని కాగితం మీద రాయండి. అడ్డంకికీ ఇలాగే ఒక వాక్యం ఉండాలి: "ఇంటికి రావడం ఆలస్యమైతే ఒక్క పేజీ చదివి పడుకుంటా." ఆలస్యమైన రోజున అప్పటికప్పుడు ఆలోచించుకుందామంటే మనసు ఎటు లాగుతుందో చెప్పక్కర్లేదు.

రెండు పేజీలేనా అని నవ్వొస్తే రానివ్వండి. తలనొప్పిగా ఉన్న రోజున కూడా చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే పని నిలబడేదీ పడిపోయేదీ అలాంటి రోజుల్లోనే. ఊపు వస్తే ఇరవై పేజీలు చదువుకోండి, కానీ మర్నాటి లెక్క మళ్లీ రెండే.

గదిని కూడా కాస్త మీవైపు తిప్పుకోండి. ఫోన్ చార్జర్ వేరే గదిలోకి, పుస్తకం కుర్చీ మీదకి, బూట్లు గుమ్మం దగ్గరకి. కనబడేది చేస్తాం, కనబడనిది మర్చిపోతాం, అంతే.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటుంటారు. ఆ అంకె 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని రాసిన మాట నుంచి పాకింది, అందులోంచి "కనీసం" జారిపోయింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది, అది కూడా మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా. తాగడం, తినడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. నెల దాటినా ఇంకా బలవంతంగానే చేస్తున్నానేంటని టెన్షన్ పడకండి, అది మామూలే.

అదే అధ్యయనంలో ఇంకో మంచి కబురుంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి మానేసిన రోజుకు పరిహారంగా మర్నాడు రెట్టింపు చేయకండి, మామూలు కొలతే చేయండి. వరసగా మూడు రోజులు తప్పిందంటే మాత్రం తిట్టుకోవడం ఆపి, రాసుకున్న వాక్యాన్ని తిరగరాయండి. సమయం కుదరట్లేదా, పని పెద్దదైందా, అసలది మీకు కావాల్సిందేనా లేక ఎవరో చేస్తున్నారని ఎంచుకున్నారా? చివరిదైతే నిస్సంకోచంగా మానేసి వేరేది పట్టుకోండి.

స్ఫూర్తి వీడియోల సంగతి. చూడొద్దనను, కానీ ఆ రోజు పని అయ్యాకే చూడండి, లేకపోతే ఏమీ చేయకుండానే ఏదో చేసిన తృప్తి వచ్చేస్తుంది. స్టేటస్‌లో ప్రకటించుకోవడంలోనూ ఇదే చిక్కు. మీ వాక్యాన్ని వారానికోసారి "ఎంతవరకు వచ్చింది?" అని మొహమాటం లేకుండా అడిగే ఒక్క మనిషికి చెబితే చాలు.

ఒక సంగతి మాత్రం ఈ పద్ధతులకు లొంగదు. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండి, ఇదివరకు ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోతే అది అలవాట్ల సమస్య కాకపోవచ్చు, డాక్టర్‌ని కలవండి.

ఇక రెండో అలవాటు ఎప్పుడంటారా? మొదటిది కాగితం చూడకుండా, ఎవరూ అడగకుండా జరిగిపోతున్నప్పుడు. దాని వెనకే తగిలించండి, "రెండు పేజీలు చదవగానే రేపటి పనులు ఒక చీటీ మీద రాస్తా" అని. ఈసారి కూడా చిన్నదే.