కోలినర్జిక్ మందులు: 4వ పాఠం - అట్రోపిన్ చేయలేని పని

పోయిన పాఠం చివర, పురుగుమందు తాగినవాళ్లకు విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఏ లక్షణాలు తగ్గిస్తుందని అడిగాను. దానికి ఒంగోలు, కావలి నర్సింగ్ విద్యార్థుల జవాబుల్లో ఎక్కువగా కనిపించిన మాట, "అట్రోపిన్ ఇస్తే అన్నీ తగ్గుతాయి." తగ్గవు. పైలోకార్పిన్ అనే ఇంకో కోలినర్జిక్ మందు గురించి వచ్చేసారి చెప్పుకుందాం. ముందు ఇది తేలాలి.

నరాలు కబురు పంపే రసాయనం ఎసిటైల్‌కోలిన్ ఎలా తయారవుతుందో మీ పుస్తకంలోనే ఉంది. నరం వదిలే రసాయనం గుండెను నెమ్మదింపజేస్తుందని 1921లో ఒట్టో లోవీ కప్ప గుండెతో చూపిన ప్రయోగం అందరికీ గుర్తుంటుంది. అందుకే కోలినర్జిక్ (ఎసిటైల్‌కోలిన్ పనిని పెంచేది) అనగానే గుండె నెమ్మదించడం, చొంగ, చెమట, విరేచనాలు, సూదిమొనంత కంటిపాప రాసేస్తారు. ఇవన్నీ మస్కరినిక్, అంటే ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే రెండు రకాల గ్రాహకాల్లో మస్కరినిక్ రకం పని; అట్రోపిన్ అడ్డేది వీటినే. కండరాన్ని కదిలించేది నికోటినిక్ గ్రాహకం. దాన్ని అట్రోపిన్ ముట్టుకోదు.

కొండపి వైపు నుంచి మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తాగిన మనిషిని తెచ్చారనుకోండి. ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమ్ కోలినెస్టరేజ్ పనిచేయక, ఎసిటైల్‌కోలిన్ రెండు రకాల గ్రాహకాల దగ్గరా పేరుకుపోయింది. అట్రోపిన్ పడ్డాక ఛాతీలో గురగుర పోయింది, చంకలు ఆరాయి, నాడి 80 దాటింది, బీపీ నిలబడింది. దాని పని అంతవరకే. కంటిపాప ఒక్కటే చూసి డోసు పెంచేవాళ్లంటే నాకు కోపం. నేను ముందు ఛాతీ వింటాను. నాడి మొదటే వేగంగా ఉందని అట్రోపిన్ ఆపేయడమూ తప్పే. ఆ వేగం నికోటినిక్ ప్రభావం వల్లో, ఆక్సిజన్ చాలకో కావచ్చు.

రెండో రోజో మూడో రోజో, గండం గడిచిందని ఇంటివాళ్లు కుదుటపడ్డాక, దిండు మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే వెంటనే డాక్టరును పిలవండి. మెడ తర్వాత ఊపిరి తీసే కండరాలూ పడిపోవచ్చు. అప్పుడు ప్రాణం నిలిపేది వెంటిలేటర్, ఇంకో ఆంపుల్ అట్రోపిన్ కాదు.

మత్తు డాక్టర్లు ఈ తేడానే వాడుకుంటారు. ఆపరేషన్ అయ్యాక మందుతో సడలించిన కండరాలు లేవడానికి కోలినెస్టరేజ్‌ను ఆపే నియోస్టిగ్మిన్, గుండె నెమ్మదించకుండా తోడుగా అట్రోపిన్ లాంటి గ్లైకోపైరోలేట్. మయస్తీనియా అనే కండరాల నీరసం జబ్బుకు, నియోస్టిగ్మిన్ లాంటిదే అయిన పిరిడోస్టిగ్మిన్ వాడేవాళ్లకు కడుపులో మెలిపెట్టేదీ మస్కరినిక్ వల్లే.

టంగుటూరు చేలల్లో తడిసిన పొగాకు కోసినవాళ్లకు వాంతులు, కళ్లు తిరగడం వస్తే అది చర్మంలోంచి దిగి నేరుగా నికోటినిక్ గ్రాహకాలను పట్టిన నికోటిన్. అక్కడ కోలినెస్టరేజ్ చెక్కుచెదరదు.

అభ్యాసం: పైన చెప్పిన ఒక్కో మందుకూ, విషానికీ లక్షణాలన్నీ రాసి, అట్రోపిన్‌తో పోయేవి కొట్టేయండి. తర్వాత ఇది: మోనోక్రోటోఫాస్ తాగిన ఆ మనిషికే ఊపిరి గొట్టం వేయడానికి, కండరాలను కాసేపు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే కండరాలు చాలాసేపు ఎందుకు లేవవు? ఏ ఎంజైమ్ వల్లో రాయకపోతే మార్కు లేదు.