పాత దాగలి మోగదు, పాత వైస్ పట్టదు: లోపం ఎక్కడ, మరమ్మతు ఎంతవరకు

పాత దాగలి (కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) ఇంటికి చేరగానే చాలామంది ముందు పట్టుకునేది గ్రైండర్‌నే. ఏళ్ల తరబడి సమ్మెట దెబ్బలు ఓర్చుకున్న ఇనుమును ఒక్క పూటలో పాడుచేసేదీ అదే. లోపం ఎక్కడుందో తేలేదాకా ముఖం మీద, అంటే పని పెట్టి కొట్టే పైభాగం మీద, గ్రైండర్ పెట్టొద్దు.

వరంగల్ చుట్టుపక్కల పాతసామాన్ దుకాణాల్లో దాగలి కనిపిస్తే దాంతోపాటు ఒక కథ కూడా వస్తుంది. "ఇది ఆజంజాహీ మిల్లుది సార్" అంటారు. 1934లో మొదలై తర్వాత మూతపడ్డ ఆ బట్టల మిల్లు పేరు చెబితే కిలో రేటు పెరుగుతుంది మరి. కథకు పైసలు పెట్టకండి, పక్కన చెక్కిన అంకెలు చూడండి. పాత ఇంగ్లిష్ దాగళ్ల మీద మూడు అంకెలుంటాయి. మొదటిది 112 పౌండ్ల లెక్క, రెండోది 28 పౌండ్ల లెక్క, మూడోది విడి పౌండ్లు. 1 1 14 అని ఉంటే 112, 28, 14 కలిపి 154 పౌండ్లు, అంటే దాదాపు 70 కిలోలు. రెండో అంకె 3 దాటదు, మూడోది 27 దాటదు. దాటిందంటే అవి బరువు అంకెలు కావు. కాంటా మీద ఆ లెక్క కంటే బాగా తక్కువ తూగితే, కొమ్మో (ఒక చివరి మొన) మడమో (రెండో చివర) విరిగి ఉండాలి, లేదా ముఖాన్ని ఎవరో చెక్కేసి ఉండాలి. తుప్పు మందంగా ఉంటే వైరు బ్రష్‌తో రుద్ది సుద్దముక్క అడ్డంగా గీయండి, అంకెలు తేలతాయి.

సుత్తితో కొడితే గణగణమనదు, దబ్ మంటుంది

ముందు అది దేనిమీద ఉందో చూడండి. మెత్తని మట్టిలో కూరుకుపోయినా, గొలుసుతో బిగించి ఉన్నా మంచి దాగలి కూడా మూగగానే ఉంటుంది. గట్టి మొద్దు మీదికి ఎత్తించి మళ్లీ కొట్టండి. అమెరికాలో చేసిన ఫిషర్ దాగళ్లు పోత ఇనుము ఒంటికి ఉక్కు ముఖం అతికించినవి, అవి సహజంగానే మోగవు. మన దగ్గర దొరకడం అరుదు కానీ, దొరికితే మోగలేదని వదులుకోవద్దు.

మిగతావి మోగకపోతే రెండు కారణాలు: నడుము దగ్గర పగులు, లేదా ముఖం పలక ఊడటం. పాత ఇంగ్లిష్ దాగలి ఒళ్లంతా మెత్తని ఇనుము, పైన సుమారు అరంగుళం ఉక్కు పలక, రెండూ కొలిమి వేడి మీద అతికినవే. చిన్న సుత్తితో ముఖం మీద రెండంగుళాలకో దెబ్బ వేస్తూ పోండి. శబ్దం ఉన్నట్టుండి బోలుగా మారి, సుత్తి ఎగరడం తగ్గిందంటే అక్కడ అతుకు వదిలింది. పక్కనుంచి చూస్తే పలక కింద వెంట్రుకంత గీత కనబడొచ్చు. ఆ గీత వెంబడి వెల్డింగ్ పెట్టిస్తే బాగవుతుందని చెప్పేవాళ్లున్నారు. కాదు. అంచు అతుకుతుంది, నడుమ బోలు అలాగే ఉంటుంది. తుక్కు రేటుకు వస్తేనే తీసుకోండి, గట్టిగా ఉన్న వైపు వాడుకోవచ్చు.

దెబ్బ వేస్తే ముఖం మీద గుంత పడుతోంది

ఇది మెత్తబడిన ముఖం. లారీ బేరింగులో దొరికే అంగుళం గోళీ ఒకటి జేబులో వేసుకెళ్లండి. పదంగుళాల ఎత్తునుంచి వదిలితే ఏడెనిమిది అంగుళాలు తిరిగి లేవాలి. ఐదు కూడా లేవకపోతే మెత్తనిదే. కొత్త ఆకురాయి అంచు మీద లాగి చూస్తే ఇంకా తేలిపోతుంది. గట్టి ముఖం మీద జారిపోతుంది, మెత్తని దాన్ని కొరుకుతుంది.

కారణం మూడింట్లో ఒకటి. దాగలి అగ్నిప్రమాదంలో చిక్కి పదును (ఉక్కు గట్టిదనం) పోయి ఉండొచ్చు, ఎవరో గ్యాసుతో ఎర్రగా కాల్చి ఉండొచ్చు, లేదా మొదటినుంచే అది పోత ఇనుము కావచ్చు. అడుగున గ్రైండర్ కాస్త తాకిస్తే పోత ఇనుమైతే పొట్టి ఎర్రటి రవ్వలు రాలుతాయి. ఉక్కు రవ్వలు పొడుగ్గా, తెల్లగా చిట్లుతాయి. ఈ పరీక్ష ముఖం మీద మాత్రం చేయొద్దు.

మళ్లీ పదును పెట్టొచ్చా? 70 కిలోల ముద్దను 800 డిగ్రీల దాకా సమంగా కాల్చి, ముఖం మీద ఆవిరి పొర నిలవకుండా ధారగా నీళ్లు కొట్టాలి. ఇంటి వెనక కొలిమిలో అయ్యే పని కాదు, మనుషులు కాలుతారు. పదును పోయిన ఉక్కు దాగలి మీద కూడా ఎర్రగా కాలిన కర్రునో కొడవలినో సాగదీయొచ్చు. చల్లని ఇనుము మాత్రం కొట్టొద్దు. పోత ఇనుముదైతే వద్దనే అంటాను.

దాగలికి బదులుగా రైలు పట్టా ముక్క తెస్తామంటారు కొందరు. 60 కిలోల పట్టా అంటే మీటరుకు 60 కిలోలు, అడుగు ముక్కే 18 కిలోలు, నిలువుగా పాతితే చక్కటి దాగలి. కాకపోతే కాజీపేట లాంటి రైల్వే ఊళ్ల దగ్గర బిల్లు లేకుండా పట్టా ముట్టుకోకండి. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద అక్రమంగా దగ్గర పెట్టుకోవడమే నేరం. వేలంలో కొన్న కాగితం చూపించమనండి. చూపించలేనివాడి దగ్గర కొనొద్దు.

అంచులు పెచ్చులూడాయి

గురి తప్పిన సమ్మెట దెబ్బల పని ఇది. చాలావాటికి మరమ్మతే అక్కర్లేదు. ఒక వైపు కొంచెం, ఇంకో వైపు మరికాస్త, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల గుండ్రం వచ్చేలా ఫ్లాప్ డిస్క్‌తో నునుపు చేయండి. పదునైన అంచు పనిముట్టులో మడత గీతలు వేస్తుంది, కాబట్టి గుండ్రటిదే మేలు.

పెద్ద పెచ్చు లేచిపోతే వెల్డింగ్ తప్పదు. చల్లని దాగలి మీద పెడితే ఆ భారీ లోహం వేడిని గుంజేసుకుంటుంది, టాకా (వెల్డింగ్ అతుకు) పక్కనున్న ఉక్కు గాజులా పెళుసై రెండో రోజే చిట్లుతుంది. మొత్తం దాగలిని 200 డిగ్రీల చుట్టూ వేడిచేసి, 7018 రకం వెల్డింగ్ రాడ్లతో నింపి, పైన గట్టి పొర కోసం హార్డ్ ఫేసింగ్ రాడ్డు వేసి, బూడిదలో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. వానాకాలంలో 7018 రాడ్లు తేమ పీల్చుకుంటాయి, ఆరబెట్టకుండా వాడితే టాకా కింద పగులుతుంది. వెల్డర్ "వేడి చేసుడెందుకు సార్" అంటే దాగలి వెనక్కి తెచ్చుకోండి.

నడుమ పల్లం పడింది

రెండు మూడు మిల్లీమీటర్ల పల్లం లోపం కాదు. వంగిన కత్తిని సరిచేయడానికి ఆ పల్లమే పనికొస్తుంది. మిల్లింగ్ చేయించి అద్దంలా తెస్తే అరంగుళం ఉక్కులో పావు వంతు దాకా చెత్తకుండీలో పడుతుంది.

వైస్ బిగిస్తుంటే చివర్లో జారుతోంది

వైస్ అంటే ముక్కను దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు; నేలదాకా కాలు ఉన్నది లెగ్ వైస్. అందులో ఎక్కువగా చెడేది స్క్రూ మీది మరచుట్టు, దాన్ని పట్టే గొట్టం. స్క్రూ మొత్తం బయటికి తీయండి. పెద్దగా వాడని కొస దగ్గర చుట్టు చదరంగా ఉంటుంది. నిత్యం తిరిగే చోట కత్తి అంచులా సన్నబడితే గొట్టంలోపలి చుట్టు అంతకన్నా అరిగి ఉంటుంది. టార్చ్ వేసి చూడండి. పాత గొట్టాల్లో చుట్టును విడిగా పెట్టి ఇత్తడితో అతికేవారు, అది ఊడితే పసుపు పొట్టు రాలుతుంది. అతకడం వృథా. కాజీపేటలోనో ములుగు రోడ్డు వైపో లేత్ షాపులో కొత్త స్క్రూ, నట్టు జతగా చేయించండి. తేలిక పనికైతే సెంట్రింగ్ జాకీ స్క్రూ, దాని నట్టు చాలు. స్క్రూకి గ్రీజు దట్టంగా పూస్తే కొలిమి పొట్టు అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. గ్రాఫైట్ పొడి మేలు.

అసలు తిరగకుండా పట్టేసిందా? ఆటోమేటిక్ గేరు నూనె (ATF), ఎసిటోన్ సగం సగం కలిపి పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, అది పూర్తిగా ఆరాకే గొట్టానికి కాస్త వేడి చూపండి. బిగిస్తూ వదులుతూ కదిలించండి. పిడికి పొడుగు పైపు తొడిగితే పిడి వంగుతుంది, స్క్రూ కదలదు.

దవడలు తెరుచుకోకపోతే లోపలి స్ప్రింగు చచ్చింది. జీపు కమాన్ పట్టీ సన్నముక్క వంచి పెట్టండి. దవడలు పక్కకు జరిగితే కింది బోల్టు అరిగింది, కొత్త బోల్టు, అటూ ఇటూ వాషర్లు. మందమైన ముక్క పట్టినప్పుడు దవడల కింది అంచే కరుస్తోందని ఫిర్యాదు చేయకండి. ఆ వైస్ కింది కీలు మీద తెరుచుకుంటుంది, దాని స్వభావమే అంత.

బెంచి వైస్ కొత్త రంగుతో మెరుస్తోంది

అనుమానించండి. ఎక్కువ బెంచి వైస్‌ల ఒళ్లు పోత ఇనుమే, రంగు కింద పగులు దాగొచ్చు. అనుమానమున్న చోట రంగు గీకి, డీజిల్ పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే డీజిల్ ఊరి తడి గీతగా పైకొస్తుంది. అలాంటి దాన్ని ఆకురాయి పనికి వాడండి, సుత్తి పనికి వద్దు.

కొట్టినప్పుడల్లా లెగ్ వైస్ ఊగుతోంది

బల్లకు బోల్టులు ఎన్ని బిగించినా ఆగదు, ఎందుకంటే కాలు గాల్లో ఉంది. దెబ్బ కాలిగుండా నేలకు దిగాలి. కాలి కొసకు సరిపడా గుంత తొలిచిన తుమ్మ మొద్దునో, రంధ్రం వదిలిన కాంక్రీటు దిమ్మెనో నేలలో పాతి అందులో నిలబెట్టి, ఆ తర్వాతే బల్ల బోల్టులు బిగించండి.