మోటు పనిలో ఖరీదైన మెకానికల్ వాచీ పెట్టుకోవడం ఎలా?

1927 అక్టోబరులో మెర్సిడీస్ గ్లైట్జ్ అనే బ్రిటిష్ ఈతగత్తె ఇంగ్లీష్ చానెల్ చల్లటి నీళ్లలోకి దిగినప్పుడు ఆమె మెడలో ఒక రోలెక్స్ ఆయిస్టర్ వాచీ వేలాడుతోంది. పది గంటలకు పైగా ఈదాక చలికి తాళలేక, ఆవలి ఒడ్డు చేరకముందే ఆమె పడవ ఎక్కవలసి వచ్చింది. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. ఈ రోజు లక్షలు పోసి కొనే వాచీల్లో చాలా వాటి పుట్టుక ఇలాంటిదే. ఈతగాళ్లు, కొండలెక్కేవాళ్లు, సైనికులు వాడడానికి తయారైన పనిముట్లు అవి. వాటిని బీరువాలో దాచి పెళ్లిళ్లకు మాత్రమే తీయడం నాకు నచ్చదు. వడ్రంగం పని చేసేటప్పుడు, తోటలో పాదులు తవ్వేటప్పుడు నా డైవింగ్ వాచీ నా చేతికే ఉంటుంది. కాకపోతే ఎప్పుడు ఉంచుకోవాలో, ఎప్పుడు తీసి జేబులో వేసుకోవాలో నేర్చుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

1. మీ వాచీ ఎలాంటిదో ముందు చూసుకోండి

వెనక మూత తిప్పి చదవండి. 100 మీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ అని ఉంటే బురదకు, చెమటకు, కుళాయి కింద కడగడానికి భయం లేదు. 30 మీటర్లు అని ఉంటే అది చిందిపడే నీళ్లకు మాత్రమే. అంత లోతుకు దిగవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. కీ ఇచ్చే బొడిపె, అంటే క్రౌన్, మరలతో తిప్పి బిగించే రకమైతే దుమ్ముకు దారి ఉండదు. ఒళ్లు స్టీలుదో టైటానియందో కావాలి. బంగారం మెత్తన, చిన్న తగులుకే నొక్కు పడుతుంది. తాతగారి నుంచి వచ్చిన పాత వాచీ ఏ కంపెనీదైనా ఈ పనులకు వద్దు. లోపలి రబ్బరు వాషర్లు ఎండిపోయి ఉంటాయి, విడిభాగాలు దొరకవు.

2. చెయిన్ తీసి నైలాన్ పట్టా వేయండి

వాచీ కింద నుంచి సాగే ఒకే ముక్క నైలాన్ పట్టా కొనండి. బ్రిటిష్ రక్షణ శాఖ 1973లో తన సైనికుల కోసం నిర్ణయించిన నమూనా ఇది. వాచీకి రెండు వైపులా ఉండే స్ప్రింగు పుల్లల్లో ఒకటి ఊడినా రెండోది పట్టుకుని ఉంటుంది, వాచీ నేల మీద పడదు. మోటు పనిలో వాచీలు పోయేది ఎక్కువగా ఈ పుల్లల దగ్గరే. పట్టా ఖరీదు వాచీ ధరలో లెక్కలోకి కూడా రాదు.

3. ఏ పనికి తీసేయాలో ముందే నిర్ణయించుకోండి

మొదటిది, తిరిగే యంత్రాలు. లేత్ మిషన్, నిలువు డ్రిల్లు, గడ్డి కోసే మిషన్, నూర్పిడి యంత్రం దగ్గర ఏ వాచీ అయినా సరే తీసేయండి. పట్టా చిక్కుకుంటే చేయి కూడా దాని వెంటే పోతుంది. బండి బ్యాటరీ తీగలు బిగించేటప్పుడు లోహపు చెయిన్ రెండు కొసలకూ తగిలితే క్షణంలో కాలిపోయి చేతి చర్మానికి అంటుకుంటుంది. తడి సిమెంటు పట్టా కింద చేరితే మణికట్టు మీద పుండు పడుతుంది, అందులోని సున్నం గుణం అంత ఘాటైనది. ఈ మూడు చోట్లా నేను వాచీ కోసం కాక చేతి కోసమే చెబుతున్నాను.

ఇక వాచీ కోసం చెప్పవలసింది అదురు గురించి. లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని మోసే ఇరుసు కొన దాదాపు తలవెంట్రుకంత సన్నం. ఎక్కువ వాచీల్లో ఆ చక్రం సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు 6,91,200 సార్లు. ఆ కొనలను ఆనుకున్న కెంపు రాళ్లను చిన్న స్ప్రింగులు పట్టి ఉంచుతాయి, దెబ్బ తగిలినప్పుడు రాయి కాస్త కదిలి మళ్లీ చోటికి వస్తుంది. దెబ్బకు తట్టుకుంటుందని రాసుకునే వాచీకి పెట్టే అంతర్జాతీయ పరీక్షలో దెబ్బ బలం మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడినంత ఉంటుంది. ఒకసారి పడిన వాచీ బతికిందంటే ఆ ఏర్పాటు వల్లే. కానీ కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ పట్టుకుంటే దెబ్బలు ఒకటీ రెండూ కావు, గంటకు వేలు. ఒక మధ్యాహ్నమంతా బ్రేకర్ పట్టుకున్నాక నా వాచీ ఊపితే లోపల ఏదో గలగలమంది. తనంతట తానే కీ ఎక్కడానికి తిరిగే బరువు పలక స్క్రూ వదులైందని మెకానిక్ మూత తీసి చూపించాడు. అప్పటి నుంచి బ్రేకర్, సుత్తి డ్రిల్లు, సమ్మెట ముట్టుకునే ముందు వాచీ జేబులోకి పోతుంది. మామూలు సుత్తి కుడి చేత్తో కొడితే ఎడమ చేతి వాచీకి ఏమీ కాదు. రంపం, చిత్రిక, పార, కత్తిరింపులు, పెయింటింగు అన్నిటికీ ఉంచుకోవచ్చు.

అద్దం సంగతి చాలామందికి తెలియదు. నీలమణి అద్దం ఇసుకకు గీతపడదు, నిజమే. అయితే ఆ అద్దం అల్యూమినియం ఆక్సైడ్, మనం చెక్క నునుపు చేసే గరుకు కాగితం మీద ఉండే గింజలు కూడా చాలావాటిలో అదే పదార్థం. గ్రైండర్ రాయి కూడా అంతే. ఇసుకలో తిరిగిన వాచీ అద్దం మీద గరుకు కాగితం ఒక్కసారి రాసుకుంటే గీత మిగులుతుంది. గ్రానైటు కోసే బ్లేడుకు వజ్రపు పొడి ఉంటుంది, దాని ముందు ఏ అద్దమూ నిలవదు.

4. పనిలో ఉండగా

ఉదయం కట్టుకునేటప్పుడే క్రౌన్ పూర్తిగా బిగిసిందో లేదో వేలితో చూసుకోండి. ఆ తర్వాత పని అయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. మట్టి చేత్తో తిప్పితే ఇసుక రేణువు మరల్లో చేరి వాటిని అరగదీస్తుంది. పెద్ద స్పీకర్లకు, అయస్కాంతపు పనిముట్లకు దూరంగా ఉంచండి.

5. సాయంత్రం కడగడం

నేను ఎప్పుడూ మానని పని ఇది. పట్టా విప్పి వేరుగా ఉతుకుతాను. క్రౌన్ మళ్లీ ఒకసారి చూసి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి, మెత్తటి పాత టూత్ బ్రష్‌తో అద్దం చుట్టూ ఉండే రింగు కింద, పట్టా తగిలించే కొమ్ముల మధ్య నెమ్మదిగా రుద్దుతాను. రంపపు పొట్టు పని చేసిన రోజు రింగు తిప్పుతుంటే టేకు రంగు నీళ్లు వస్తాయి. తోట పని రోజు ఎర్రమట్టి. నీళ్లు తేటగా వచ్చేదాకా తిప్పుతూ ఉండండి. పొడి గుడ్డతో మాత్రం ముందే తుడవకండి. మట్టి కడగకుండా తుడిస్తే ఆ మట్టే స్టీలును గీస్తుంది. వేడినీళ్లు, ఆవిరి రబ్బరు వాషర్లకు మంచివి కావు.

6. నెలకోసారి లెక్క రాయండి

ఒక చిన్న పుస్తకంలో వాచీ రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు, ఎన్ని వెనక్కు పోతోందో ఫోను సమయంతో పోల్చి రాసుకోండి. నిన్నటిదాకా బాగున్నది ఉన్నట్టుండి రోజుకు నిమిషాలు ముందుకు పోతే అయస్కాంతం పట్టి ఉండవచ్చు. మామూలు దిక్సూచి దగ్గర పెట్టి చూడండి, ముల్లు కదిలితే అనుమానం బలపడినట్టే. మెకానిక్ దగ్గర అయస్కాంతం తీసే యంత్రం మీద అది క్షణాల్లో వదులుతుంది. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా తీసుకెళ్లండి, తుప్పు తొందరగా పడుతుంది. ఏడాదికోసారి నీటి పరీక్ష చేయించండి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు, పాలిష్ చేయవద్దని ముందే గట్టిగా చెప్పండి. ఒక్కో పాలిష్‌కు కొంత లోహం పోతుంది, అంచులు మొద్దుబారతాయి. నా వాచీ పక్కన తలుపు చట్రం బిగించేటప్పుడు పడిన పొడుగాటి గీత ఒకటి ఉంది. రెండు సర్వీసులైనా దాన్ని తీయనివ్వలేదు.