పాత పెబుల్‌డాష్ గోడ మీద కొత్త ప్లాస్టరింగ్ ఎలా చేయాలి?

ఇంగ్లాండులో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఈ గోడతో పరిచయం ఉండే ఉంటుంది. 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు, బయటంతా గులకరాళ్లు అతికించిన పెబుల్‌డాష్, మోచెయ్యి తగిలితే గీరుకుపోవడం ఖాయం. మొత్తం చెక్కేద్దామంటే దుమ్ము, ఖర్చు, పైగా చాలాసార్లు రాళ్లతోపాటు ఇటుక పెచ్చులు కూడా ఊడొస్తాయి. అందుకే దాని మీదే ప్లాస్టరింగ్ వేయిస్తారు, ఇక్కడ రెండర్ అంటారు.

వేయొచ్చు, పాతది గోడను గట్టిగా పట్టుకుని ఉంటేనే. సెంటీమీటరు మందం పూత చదరపు మీటరుకు దాదాపు 20 కిలోలు తూగుతుంది, ఆ బరువంతా మోయాల్సింది ఆ పాత పొరే.

కాబట్టి ముందు సుత్తి పిడితో జానెడు జానెడు దూరంలో గోడంతా తట్టండి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల వదిలేసినచోట ఖాళీ కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. మా ఇంటికి కిటికీల కింద, వాననీటి గొట్టం వెనక అంతా డొల్లే, చాక్‌పీసుతో గీతలు గీస్తూ పోతే గోడ కాస్తా దేశపటంలా తయారైంది. అలాంటి చోట ఉలితో ఇటుక దాకా కొట్టేసి, మాలుతో పక్క మట్టానికి పూడ్చాలి. సగానికి సగం డొల్లగా ఉంటే మాత్రం మొహమాటం లేకుండా మొత్తం తీసేయండి.

తర్వాత పాచిమందు కొట్టి, బ్రష్‌తో రుద్ది కడిగి ఆరనివ్వాలి. లేచిపోయిన పెయింటు గీకేయాలి. కొటేషన్ ఇవ్వడానికొచ్చిన ఒకాయన పీవీఏ (తెల్ల జిగురు) పూస్తే చాలన్నాడు, బయటి గోడకు అది వద్దే వద్దు, తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. తడిని తట్టుకునే ఎస్‌బీఆర్ అనే రబ్బరు పాలలాంటి ద్రవంలో సిమెంటు కలిపి జావలా పూసి, అది పూర్తిగా ఆరేలోపే మొదటి పూత వేయాలి.

మాలు పాళ్లు: ఒకటి సిమెంటు, ఒకటి సున్నం, ఆరు కడిగిన ప్లాస్టరింగ్ ఇసుక. మొదటి పూత పని రాళ్ల సందులు నింపి మట్టం చేయడమే, దాని మీద గీతలు గీసి కొన్ని రోజులు వదిలేయండి. రెండోది కాస్త పలచగా వేసి, పచ్చిగా ఉండగానే ఫైబర్‌గ్లాస్ మెష్‌ను, అంచులు ఒకదానిపై ఒకటి 10 సెంటీమీటర్లు ఎక్కేలా, అందులోకి అదమాలి. ఆపైన ఫినిషింగ్. పై పూతలో సిమెంటు ఎక్కువైతే కిందిదాన్ని లాక్కుని పగులుతుంది, "స్ట్రాంగ్‌గా ఉండాలి" అని ఇంకో పార సిమెంటు వేయకండి.

మన ఊళ్లో ప్లాస్టరింగ్ అయ్యాక రోజూ పైపుతో తడపడమే పని, ఇక్కడ టెన్షన్ అంతా వానతో, రాత్రి చలితో. 5 డిగ్రీల లోపు పడిపోయేలా ఉంటే మొదలే పెట్టొద్దు.

1919కి ముందటి సున్నం గోడలకు ఈ సిమెంటు పద్ధతి పనికిరాదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గోడలో సగానికి మించి చేయిస్తుంటే ఇన్సులేషన్ కూడా పెట్టమనొచ్చు, కౌన్సిల్‌లో నిర్మాణ నిబంధనలు చూసే బిల్డింగ్ కంట్రోల్ విభాగాన్ని ముందే అడగండి.

నేల నుంచి 150 మిల్లీమీటర్లు వదిలి, అక్కడ బెల్ బీడ్ (నీళ్లు గోడకు దూరంగా కారేలా అడుగు అంచుకు పెట్టే పట్టీ) పెట్టి ప్లాస్టరింగ్‌ను ఆపాలి. గాలి ఇటుకలు, అంటే లోపలికి గాలి ఆడేందుకు గోడలో పెట్టిన చిల్లుల ఇటుకలు, మూయకూడదు. నేను ఆలస్యంగా గమనించింది కిటికీ గట్టు: గోడ మందం పెరిగేసరికి దాని ముందు అంచు, నీళ్లు కారిపోవడానికి అడుగున ఉన్న గాడి, రెండూ ప్లాస్టరింగ్‌లో కూరుకుపోతాయి. పరంజా కట్టకముందే గట్టు ఎంత ముందుకుందో టేపు పెట్టి కొలుచుకుని, చాలకపోతే పొడిగించే ముక్కలు తెప్పించుకోండి.