కొండదారి సైకిల్ సాధన – 4వ పాఠం: సా కలోబ్రా, ముందు దిగి తర్వాత ఎక్కడం

స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపంలో మిగతా కనుమలు ముందు ఎక్కించి తర్వాత దింపుతాయి. సా కలోబ్రాది తలకిందుల వరస. 682 మీటర్ల ఎత్తున్న కోల్ డెల్స్ రేయిస్ కనుమ నుంచి దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు దిగితే సముద్రం. అక్కడితో దారి ఆఖరు, వచ్చిన దారినే పైకి రావాలి. 1932లో ఈ రోడ్డు వేసిన ఇంజనీరు ఆంటోనియో పారియెట్టి సొరంగాలు తవ్వకుండా మలుపులతోనే ఎత్తు తగ్గించాడు. వాలు సగటున 7 శాతం, పెద్దగా ఎగుడుదిగుళ్లు లేవు. ఒకే వేగం పట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు.

దిగేటప్పుడు: అప్పటికే చెమటతో తడిసి ఉంటారు. తొక్కకుండా జారితే చల్లగాలికి తొడలు బిగుసుకుపోతాయి. పల్చటి జాకెట్ వేసుకుని, తిన్నటి దారిలో పెడళ్లు తేలిగ్గా తిప్పుతూ ఉండండి. బ్రేకు మలుపుకు ముందే గట్టిగా వేసి, మలుపులో వదిలేయాలి. పొడుగునా నొక్కి పట్టుకుంటే రిమ్మో డిస్కో వేడెక్కి పట్టు తగ్గుతుంది. అక్కడి అద్దె సైకిళ్లకు ముందు బ్రేకు సాధారణంగా ఎడమ చేతికి ఉంటుంది. కుడి చేతికి అలవాటుపడ్డవాళ్లు బయల్దేరేముందే చూసుకోవాలి. బండి నడపాల్సింది కూడా కుడివైపే. టూరిస్టు బస్సులు ఎదురుకాకుండా పొద్దున్నే దిగండి.

ఎక్కేటప్పుడు: మనిషి, సైకిలు, నీళ్లు కలిపి 80 కిలోలనుకుందాం. నిలకడగా 200 వాట్లు (పెడళ్ల మీద పెట్టే శక్తికి కొలత) తొక్కితే సుమారు 50 నిమిషాలు పడుతుంది. కాఫీ తాగి లేచిన కాళ్లకు మొదటి రెండు కిలోమీటర్లు తేలికే. అందుకే చాలామంది 250 వాట్లు కొట్టి, సగం దూరంలో చతికిలబడతారు. కింద ఉన్నంతసేపూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, అదే కొలత.

గేరు సంగతి మరీ ముఖ్యం. 10 శాతం వాలు తగిలినప్పుడు అదే 200 వాట్లకు వేగం గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లకు పడిపోతుంది. గొలుసు తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 34 పళ్లు, వెనకదానికి 32 పళ్లు ఉంటే పెడళ్లు నిమిషానికి 64 చుట్లు తిరుగుతాయి. వెనక 25 పళ్లే ఉంటే 50 చుట్లు, ఆ భారమంతా మోకాళ్ల మీదే. అద్దెకు తీసుకునేటప్పుడు ఫ్రేము రంగు తర్వాత చూడొచ్చు, మొదట వెనక చక్రం పళ్లు లెక్కపెట్టండి.

కనుమకు కాస్త కింద రోడ్డు 270 డిగ్రీలు తిరిగి తన కిందనుంచే దూరిపోయే చోటు వస్తుంది. మిగిలిన బలమంతా అక్కణ్నుంచి ఖర్చుపెట్టండి.

పరుగు కూడా సాధన చేసేవాళ్లకు: ఈ ఎక్కుడుకు ముందు రెండు రోజులు దిగుడు పరుగు వద్దు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాతే ముదురుతుంది. సమతలంలో అరగంట చాలు.

ఈ వారం సాధన: రెండు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. 15 నిమిషాలు ఒళ్లు వేడెక్కాక, నిమిషానికి 65–70 చుట్లతో 12 నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో 5 నిమిషాలు తేలిగ్గా తొక్కాలి. మూడోసారి వాట్లు మొదటిదానికన్నా తగ్గితే, వచ్చేసారి 10 వాట్లు తగ్గించి మొదలుపెట్టండి.