అనంతపురం నుంచి ఎన్ఎఫ్ఎల్ వారాన్ని చూడటం, స్కోరును దాటి అభిప్రాయం చెప్పడం

అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో, 2003 సీజన్ మొదటి వారంలో బఫలో బిల్స్ 31-0తో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను చిత్తు చేసింది. చివరి వారంలో అదే పేట్రియట్స్, అదే బిల్స్ మీద, అదే 31-0తో గెలిచింది. ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా వాళ్లదే. సెప్టెంబరులో స్కోరు చూసి "పేట్రియట్స్ పని అయిపోయింది" అన్న వాళ్లందరి మాటా తప్పింది. మళ్లీ 2014లోనూ అంతే. నాలుగో వారం సోమవారం రాత్రి కాన్సాస్ సిటీ చీఫ్స్ చేతిలో 41-14తో ఓడిన పేట్రియట్స్ ఆ ఏడాది కప్పు ఎత్తింది.

ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్కో టీమ్ లీగ్ దశలో ఆడేది 18 వారాల్లో 17 మ్యాచ్‌లే. వారానికి ఒకటే కాబట్టి ఒక్కో ఫలితం కొండంత కనబడుతుంది. నిజానికి అది సీజన్‌లో ఆరు శాతం లోపే. అందుకే ఒక వారం మ్యాచ్‌లు చూశాక తేల్చుకోవాల్సింది ఒక్కటే: చూసినదాంట్లో వచ్చే వారం మళ్లీ జరిగేది ఏది, జరగనిది ఏది? ఈ లెక్క వేయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెన్ను, నిద్ర పాడుచేసుకోని ప్రణాళిక ఉంటే చాలు.

వేళలు

సీజన్ మొదట్లో అమెరికా తూర్పు తీరం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పటినుంచి పదిన్నర గంటలు. ఇది మరిచిపోతే నవంబరులో గంట ముందే లేచి కూర్చుంటారు.

అక్టోబరు లెక్కన చూస్తే, గురువారం రాత్రి మ్యాచ్ మనకు శుక్రవారం పొద్దున 5:45కు మొదలవుతుంది. ఆదివారం మొదటి విడత రాత్రి 10:30కు, రెండో విడత సోమవారం తెల్లవారుజామున 1:35కు, 1:55కు. ఆదివారం రాత్రి మ్యాచ్ మనకు సోమవారం పొద్దున 5:50కు, సోమవారం రాత్రి మ్యాచ్ మంగళవారం 5:45 ప్రాంతంలో. నవంబరు నుంచి అన్నిటికీ ఒక గంట కలపండి. లండన్‌లో ఆడే మ్యాచ్‌లయితే మనకు ఆదివారం సాయంత్రం ఏడు గంటలకే వస్తాయి. పిల్లలతో కూర్చుని ఆట నేర్పించడానికి అంతకంటే మంచి వేళ దొరకదు.

అన్నీ లైవ్‌లో చూడాలనుకోవద్దు. ఒక్కో మ్యాచ్ మూడు గంటలు పడుతుంది, అందులో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలు. ఆదివారం 10:30 మ్యాచ్ ఒకటి లైవ్‌లో చూసి పడుకోండి. రెండో విడత వదిలేయండి. సోమవారం పొద్దున ఉగ్గాణి, బజ్జీ తింటూ 5:50 మ్యాచ్ చూడొచ్చు, ఆఫీసుకు వెళ్లేవాళ్లకు మొదటి సగం దక్కుతుంది. మిగతావి ప్లేల (బంతి కదిలే ఒక్కో ప్రయత్నం) మధ్య ఖాళీ తీసేసిన నలభై నిమిషాల రీప్లేలుగా చూడండి. అమెరికా బయట 2023 నుంచి ఎన్ఎఫ్ఎల్ గేమ్ పాస్ డాజోన్ ఆప్‌లో వస్తోంది, ఇలాంటి కుదించిన రీప్లేలు అందులో ఉంటాయి. హైలైట్లు మాత్రం చాలవు. ఎనిమిది నిమిషాల హైలైట్లలో టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించడం) కనబడతాయి తప్ప, టచ్‌డౌన్ రాకుండా ఆగిపోయిన ఎనిమిది డ్రైవ్‌లు (బంతి ఒక టీమ్ చేతిలో ఉన్నంతసేపటి ఆట) కనబడవు. అభిప్రాయానికి పునాది వాటిలోనే ఉంటుంది.

మొబైల్ డేటా మీద లైవ్ పెట్టుకుంటే హెచ్‌డీలో గంటకు రెండు మూడు జీబీ ఖర్చవుతుంది. రోజుకు రెండు జీబీ ప్యాక్ అయితే రెండో క్వార్టర్‌కే చతికిలబడుతుంది. వైఫై లేకపోతే క్వాలిటీ తగ్గించుకోండి. రీప్లే చూసేవాళ్లు సోమవారం పొద్దున నోటిఫికేషన్లు ఆపేయండి, డాలస్‌లో ఉన్న బావమరిది వాట్సాప్ స్టేటస్ కూడా తెరవొద్దు.

మైదానాన్ని మన కొలతల్లో పట్టుకోండి

యార్డు అంటే గజమే, మనం ప్లాట్లు కొనే చదరపు గజంలో ఒక పక్క పొడవు. గోల్ లైన్ నుంచి గోల్ లైన్ వరకు 100 గజాలు, రెండు కొసల్లో పదేసి గజాల ఎండ్ జోన్లు, వెడల్పు 53 గజాల పైచిలుకు. మొత్తం కలిపితే ఎకరా 32 సెంట్ల నేల. అటాక్ చేసే టీమ్‌కు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు దాటితే మళ్లీ నాలుగు కొత్తవి. క్రికెట్ పిచ్ 22 గజాలు కదా, అందులో సగం కంటే కాస్త తక్కువ. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఒకసారి పది గజాలు నడిచి చూస్తే ఆ దూరం కంటికి అలవాటవుతుంది.

మూడో డౌన్ కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటిది. అప్పటికీ దూరం దాటకపోతే నాలుగో డౌన్‌లో సాధారణంగా బంతిని పంట్ చేసి (దూరంగా తన్ని) ఎదుటివాళ్లకు ఇచ్చేస్తారు, దగ్గర్లో ఉంటే ఫీల్డ్ గోల్ (గోల్ కర్రల మధ్య నుంచి కిక్) కొడతారు. టచ్‌డౌన్‌కు 6, దాని తర్వాత తన్నే కిక్‌కు 1, కిక్ బదులు రెండు గజాల నుంచి ఆడి లోపలికి పోతే 2, ఫీల్డ్ గోల్‌కు 3. ఇక్కడొక సంఖ్య గుర్తుంచుకోండి: 8. ఒక్క డ్రైవ్‌తో రాగల గరిష్ఠ పాయింట్లు అవే. తేడా 8 లోపు ఉంటే ఆ మ్యాచ్ ఎటైనా పోయేదే.

నోట్‌బుక్

పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమ ఒక టీమ్, కుడి ఒక టీమ్ రాయండి. బంతి చేతికొచ్చినప్పటినుంచి పోయేదాకా ఒక డ్రైవ్, డ్రైవ్‌కు ఒక వరస. టీమ్‌కు పది పన్నెండు డ్రైవ్‌లు వస్తాయి కాబట్టి ఒక పేజీలో మ్యాచ్ మొత్తం పడుతుంది. వరసలో నాలుగే రాయాలి: ఎక్కడ మొదలైంది, ఎన్ని ప్లేలు, మూడో డౌన్ వచ్చిన ప్రతిసారీ ఇంకెన్ని గజాలు కావాలి, ఎలా ముగిసింది. "సొంత 28, 9 ప్లేలు, మూడోది: 2, 7, ఫీల్డ్ గోల్." ఇంత చాలు. సొంత 28 అంటే తమ గోల్ లైన్ నుంచి 28 గజాల గీత.

వీటిలో ఎక్కువ పనికొచ్చేది మూడో అంశం. లీగ్ మొత్తం మీద మూడో డౌన్‌లు దాటేది పదింట నాలుగు సార్లు. ఒక టీమ్ పన్నెండింట మూడే దాటితే అందరూ పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను తిడతారు. మీ పేజీ చూడండి. అక్కడ 11, 8, 13, 9 అని వరసగా ఉంటే లోపం మూడో డౌన్‌లో లేదు, మొదటి రెండు డౌన్లలో ఉంది. తొమ్మిది గజాలు కావాలని ఎదుటివాళ్లకు తెలిసిపోతే పాస్ తప్ప మార్గం లేదు, వాళ్లు కాచుకుని కూర్చుంటారు. 2, 3, 1 అని ఉండి కూడా దాటలేకపోతే అప్పుడు ముందు నిలబడి అడ్డుకునే లైన్‌ను, ప్లే ఎంచుకున్న కోచ్‌ను నిలదీయాలి.

ఓపిక ఉన్నవాళ్లు ప్రతి ప్లేకు టిక్కు పెట్టండి. మొదటి డౌన్‌లో కావాల్సిన దూరంలో 40 శాతం, రెండో డౌన్‌లో మిగిలినదానిలో 60 శాతం, మూడో నాలుగో డౌన్లలో పూర్తి దూరం వస్తే టిక్కు. సగానికి దగ్గరగా టిక్కులు పడిన టీమ్ ఓడిపోయినా బాగా ఆడినట్టే. ఒక్క 75 గజాల పాస్‌తో గెలిచి, మిగతా అంతా ఖాళీ గడులే ఉంటే ఆ గెలుపును నమ్మొద్దు.

కెమెరా బంతి వెంట పోతుంది, మీరు పోకండి

బంతి కదిలిన మొదటి రెండు సెకన్లు లైన్‌ను చూడండి. అటాక్ వైపు ఐదుగురు భారీ మనుషులు క్వార్టర్‌బ్యాక్ ముందు గోడ కడతారు. ఎదుటివాళ్లు ఎంతమందితో దూకుతున్నారో లెక్కపెట్టండి. ఐదుగురు, అంతకంటే ఎక్కువైతే దాన్ని బ్లిట్జ్ అంటారు. బ్లిట్జ్ చేస్తే వెనక కాపలా తగ్గుతుంది, అదొక జూదం. నలుగురితోనే గోడ పగలగొట్టగలిగితే జూదమే లేదు, మిగిలిన ఏడుగురూ వెనక కాపలా ఉంటారు.

2025 ఫిబ్రవరి 9న జరిగిన సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఒక్క బ్లిట్జ్ కూడా చేయలేదు. అయినా చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు శాక్ చేసింది (పాస్ విసరకముందే పడగొట్టింది), 40-22తో గెలిచింది. ఒక వారం మ్యాచ్‌ల నుంచి ఏరుకోదగ్గ గట్టి విషయం ఇలాంటిదే: నలుగురితో ఒత్తిడి తెచ్చే టీమ్ వచ్చే వారం కూడా తెస్తుంది. అది బలం, అదృష్టం కాదు.

అందుకే గాయాల జాబితాలోనూ ముందు లైన్ వాళ్ల పేర్లే వెతకండి. మ్యాచ్‌కు 90 నిమిషాల ముందు ఆడనివాళ్ల పేర్లు వస్తాయి, అంటే 10:30 మ్యాచ్‌కు మనకు తొమ్మిది గంటలకు. పాసులు అందుకునే పేరున్న రిసీవర్ లేకపోతే అందరూ మాట్లాడతారు. లైన్ కొసల్లో నిలబడే ఇద్దరు టాకిల్స్ లేకపోతే ఎవరూ మాట్లాడరు, మ్యాచ్ మాత్రం అక్కడే పోతుంది.

లెక్కలోంచి కొట్టేయాల్సినవి

మంగళవారం పేజీ ముందు పెట్టుకుని కొన్నిటిని ఎర్ర పెన్నుతో చుట్టండి. కింద పడ్డ బంతిని ఎవరు పట్టారన్నది మొదటిది. బంతి జారవిడవడం ఆటగాడి తప్పే. కానీ రెండు కొసలు సూదిగా ఉన్న ఆ బంతి నేల తగిలాక ఎటు ఎగురుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఇలా జారిన మూడు బంతులు (ఫంబుల్స్) మూడూ ఒకే టీమ్‌కు దొరికితే వచ్చే వారం అలా దొరకవు.

గార్బేజ్ టైమ్ రెండోది. నాలుగో క్వార్టర్‌లో 20 పాయింట్ల ఆధిక్యం ఉన్న టీమ్ గడియారం కరిగితే చాలనుకుని వెనక్కి జరిగి నిలబడుతుంది, చిన్న చిన్న పాసులు వదిలేస్తుంది. ఓడుతున్న క్వార్టర్‌బ్యాక్ అప్పుడు 120 గజాలు పోగుచేసినా లెక్కలోకి రావు. పేజీలో ఆ చోట గీత కొట్టి కింది వరసలు పక్కన పెట్టండి.

గురువారం మ్యాచ్ మూడోది. ఆదివారం దెబ్బలు తిన్న ఒళ్లతో నాలుగు రోజులకే మళ్లీ దిగుతారు, ప్రాక్టీస్ దాదాపు ఉండదు. అటాక్ తడబడితే దాని మీద పెద్ద తీర్పు ఇవ్వొద్దు.

దగ్గరి మ్యాచ్‌ల గెలుపులకూ ఈ వడపోత కావాలి. 2022లో మిన్నెసోటా వైకింగ్స్ 13 గెలిచి 4 ఓడింది. 8 లోపు తేడాతో తేలిన 11 మ్యాచ్‌లనూ గెలిచింది. కానీ సీజన్ మొత్తం చేసినవి 424 పాయింట్లు, ఇచ్చినవి 427. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే సొంత మైదానంలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 31-24తో ఇంటికి పోయింది, అదీ 8 లోపు తేడాతోనే. పట్టికలో గెలుపోటముల పక్కనే పాయింట్ల తేడా కాలమ్ ఉంటుంది, ముందు దాన్ని చూడండి.

నాలుగో డౌన్ నిర్ణయాలు

వారం వారం ఎక్కువ గొడవ ఇక్కడే. ఎదుటి 40 గజాల గీత దగ్గర ఒక్క గజం కావాలనుకోండి. ఫీల్డ్ గోల్ దూరానికి గీత సంఖ్యకు 17 కలపాలి, పది ఎండ్ జోన్‌కు, ఏడు బంతి వెనక్కి వచ్చే దూరానికి. అంటే 57 గజాలు, కష్టమైన కిక్. పంట్ చేసి బంతి ఎండ్ జోన్‌లోకి పోతే ఎదుటివాళ్లు 20 దగ్గర మొదలుపెడతారు, మనకు మిగిలేది 20 గజాలే. ఒక్క గజం కోసం ఆడితే మూడింట రెండు సార్ల దాకా వస్తుంది. కాబట్టి ఆడటమే సరైన నిర్ణయం, దొరక్కపోయినా సరే. కోచ్‌ను నిర్ణయం మీద తూచండి, ఫలితం మీద కాదు. ప్లే మొదలయ్యే ముందే "ఆడాలి" లేదా "వద్దు" అని మార్జిన్‌లో రాసుకుంటే తర్వాత మిమ్మల్ని మీరు మోసం చేసుకోలేరు.

రాయడం

మంగళవారం రాత్రికి గానీ వారం పూర్తికాదు. మ్యాచ్‌కు మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, వచ్చే వారం మళ్లీ జరుగుతుందా. మూడో వాక్యాన్ని పరీక్షకు నిలిచేలా రాయండి. "డిఫెన్స్ బాగుంది" అంటే ఎప్పటికీ తప్పు కాదు, అందుకే అది అభిప్రాయం కాదు. "నలుగురితో ఒత్తిడి తెస్తున్నారు కాబట్టి వచ్చే ఆదివారం కనీసం మూడు శాక్‌లు" అంటే తేలుతుంది. దాని పక్కన చిన్న గడి ఖాళీగా వదిలి, వారం తిరిగాక ఒప్పో తప్పో గుర్తు పెట్టండి.

ఇష్టమైన టీమ్ ఉంటే దాని పేజీ చివర్న రాయండి. దాని మ్యాచ్ రెండుసార్లు చూడండి, రెండోసారి మాట లేకుండా, వ్యాఖ్యాతల గొంతు ఆపేసి. నాలుగు వారాలు గడిచాక గడుల్లో ఏ రకం మాటలు ఎక్కువ తప్పుతున్నాయో చూసి, అయిదో వారం ఆ రకం మ్యాచ్‌లను ముందు చూడండి.